పొగమంచులో అఆలు

నా చిన్నప్పుడు సాయంత్రమయ్యేసరికి నాన్న ఇంటికి రాకముందే ఆయన గొంతు వచ్చేసేది. మా నాన్న బహ్రెయిన్‌లో లాంచీ నడిపేవాడు. ఇప్పుడు అమ్వాజ్ అపార్టుమెంట్లు నిలబడ్డ చోట అప్పుడు ఉన్నది సముద్రమే. అక్కడ పనిచేసే బార్జీలకు మంచినీళ్ళూ, బియ్యం, సామానూ చేరవేసేవి రెండు లాంచీలు. ఒకటి నాన్నది, రెండోది కరీంనగర్ నుంచి వచ్చిన చాచాది. చాచా మాకు చుట్టం కాదు, అంతకన్నా ఎక్కువ. వాళ్ళ కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, లాంచీకొక రేడియో పెట్టించి, మూడోది ఒడ్డుకు దగ్గరని మా ఇంట్లో పెట్టించాడు. అమ్మ ఆసుపత్రిలో నర్సు. ఆమె డ్యూటీకి పోతే ఇంట్లో ఉండేది నేనూ, మా పెద్దమ్మా. పెద్దమ్మకు వంటింటి పని సరిపోయేది కాబట్టి రేడియో నా రాజ్యమైంది. తొమ్మిదేళ్ళ పిల్లకు అంతకన్నా పెద్ద పదవి ఏముంటుంది చెప్పండి!

అది పాటలు పాడే రేడియో కాదు, మాట్లాడుకునే సీబీ రేడియో. అందులోనూ సింగిల్ సైడ్‌బ్యాండ్ రకం. మాట చాలా దూరం పోతుంది గానీ మహా పేచీకోరు. అందరి సెట్లూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద, పిసరంత తేడా లేకుండా ఉండాలి. తేడా వచ్చిందా, ఛానెల్ నంబరు అదే కనబడుతుంది, మనిషి గొంతు మాత్రం మారిపోతుంది. అటు జరిగితే బాతు అరిచినట్టు, ఇటు జరిగితే కుండలో తలపెట్టి మాట్లాడినట్టు. దాన్ని సరిచేసుకోవడానికి క్లారిఫయర్ అని ఒక చిన్న నాబ్ ఉండేది. తంటా అంతా దానితోనే. మా సెట్లలో దాన్ని తిప్పితే మనం వినేదే కాదు, మనం పంపేది కూడా జరిగిపోయేది.

నాకు నాన్న గొంతు కాస్త బొంగురుగా వినబడితేనే నాన్నలా ఉండేది. అందుకని కొంచెం తిప్పుకునేదాన్ని. దాంతో నా గొంతు ఆయనకు పిట్ట కీచుమన్నట్టు వినబడేది. అయ్యో పిల్ల సరిగా వినబడటం లేదే అని ఆయన తిప్పుకునేవాడు. నాకు మళ్ళీ ఆయన గొంతు పలచబడేది, నేను మళ్ళీ తిప్పేదాన్ని. మధ్యలో చాచా వస్తే ఆయన కోసం ఇద్దరం తిప్పేవాళ్ళం. ఇరుకు సందులో ఎదురుపడ్డ ఇద్దరు మర్యాదస్తులు ఒకరికి దారివ్వబోయి ఒకరు ఒకే పక్కకు జరుగుతుంటారు చూడండి, అచ్చం అలాగే. ప్రేమగా జరుగుతూ జరుగుతూ ముగ్గురం ఎటో పోయేవాళ్ళం. మామూలు రోజుల్లో దానికి నవ్వుకునేవాళ్ళం కూడా.

పెద్దమ్మకు రేడియో సంగతి తెలియదు, పాట సంగతి తెలుసు. వారానికోసారి మా హాల్లో తెలుగు ఫెలోషిప్ ప్రార్థనకు కూడేది. హార్మోనియం లేదు, పెద్దమ్మ ఎత్తుకున్నదే శ్రుతి. ఒక్కోసారి మరీ పైన ఎత్తుకునేది. మగవాళ్ళ మెడ నరాలు పొంగిపోయేవి, అయినా ఆవిడ దిగేది కాదు. "నేను దిగితే సగం మంది దిగుతారు, సగం మంది పైనే ఉంటారు, అప్పుడది పాట కాదు, సంత" అనేది.

ఒక చలికాలం ఉదయం సముద్రం మీద పొగమంచు దిగింది. అప్పటికే రెండు లాంచీలూ బయల్దేరి వెళ్ళిపోయాయి. బడికి సెలవు కావడంతో నేను రేడియో దగ్గరే ఉన్నాను. కాసేపటికి చాచా గొంతు వచ్చింది. ఇంజను ఆగిపోయిందట. నీటి లాగుడుకు లాంచీ పెద్ద ఓడలు తిరిగే దారిలోకి కొట్టుకుపోతోందట. మంచులో ఓడవాడికి ఆ చిన్న లాంచీ ఎక్కడ కనబడుతుంది? గుద్దేస్తే గుద్దినట్టు కూడా తెలియదు. నాన్న దగ్గర్లోనే ఉన్నాడు గానీ ఆయనకూ ఏమీ కనబడటం లేదు. ఇక భయంతో ముగ్గురం నాబ్‌లు తిప్పడం మొదలుపెట్టాం. నాన్న చాచా కోసం, చాచా నాన్న కోసం, నేను ఇద్దరి కోసం. చూస్తుండగానే మాటలు పోయి బాతుల అరుపులు మిగిలాయి.

పెద్దమ్మ గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. ఒక్క క్షణం విని, నా చేతిమీద ఒక్కటి వేసింది. "చెయ్యి తియ్యవే! అందరూ అందరి వెనకాల పోతుంటే ఇంక నిలబడేవాడెవడు?" అంటూ అమ్మ దూది, కట్లు పెట్టుకునే డబ్బాలోంచి ప్లాస్టరు తీసి నాబ్ మీద అడ్డంగా, నిలువుగా అంటించేసింది. "ఇప్పుడు మాట్లాడు. వాళ్ళకు బాగా తెలిసిందేదైనా గట్టిగా చదువు. నీ గొంతు పట్టుకుని వాళ్ళే వస్తారు" అంది.

బాగా తెలిసిందంటే నాకు తోచింది అఆలే. మైకు నొక్కి అ, ఆ, ఇ, ఈ అని సాగదీసి చదివాను. అయిపోతే మళ్ళీ మొదటి నుంచి. కాసేపటికి "వచ్చానమ్మలూ, దొరికావు" అని నాన్న గొంతు స్పష్టంగా పలికింది. ఇక ఆ నాబ్ ముట్టుకోవద్దని పెద్దమ్మ అరిచి చెప్పింది.

చాచా మాత్రం ఇంకా బాతు గొంతుతోనే కేకలు పెడుతున్నాడు. నన్నే పిలుస్తున్నాడని తెలుస్తోంది. ఏడుపు గొంతు అని కూడా తెలుస్తోంది. ప్లాస్టరు పీకి ఇటు కాస్త తిప్పితే చాచా మాట అందుతుంది. నా చెయ్యి దానంతటదే లేచింది. పెద్దమ్మ ఆ చేతిని తన రెండు చేతుల్లో గట్టిగా పట్టుకుంది. "నువ్వు ఆయన దగ్గరికి పోతే మీ నాన్న నిన్ను పోగొట్టుకుంటాడు. అప్పుడు చాచాను వెతికేదెవరే? ఉన్నచోట ఉండి చదువు" అంది. ఏడుస్తూనే చదివాను. అంత కష్టమైన చదువు ఆ తర్వాత నేను ఏ బడిలోనూ చదవలేదు.

అంతలో, "బస్ బేటా, సాఫ్ ఇనొస్తుంది! ఇగ ఆపు" అని చాచా! పెద్దమ్మ అప్పుడు నా చెయ్యి వదిలింది. ఆ తర్వాత వాళ్ళిద్దరే మాట్లాడుకున్నారు. చాచా ఖాళీ డబ్బా మోగించాడు, నాన్న ఇంజను ఆపి చెవులు రిక్కించాడు. చప్పుడు ఎడమవైపని ఆయనంటే, "గట్లనే రా భాయ్, గట్లనే" అని ఈయన. చివరికి మంచులోంచి లాంచీ ముక్కు కనబడిందట. తాడు కట్టి లాక్కొచ్చేశాడు. మధ్యాహ్నం మా ఇంట్లో చాచా అన్నం కలుపుకుంటూ, "చిన్నప్పుడు అఆలు రాకపోతే సార్ తోని దెబ్బలు తిన్న. ఇయ్యాల గవ్వే పానం నిలబెట్టినయ్" అని నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాత నాన్న మా సెట్టు పరీక్షించి, అసలు ఛానెల్ కన్నా మనదే కొంచెం పక్కకుందని పెద్దమ్మను ఆటపట్టించాడు. ఆవిడ తగ్గుతుందా? "ఉంటే ఉంది. ముగ్గురం ఒక్కచోట ఉన్నామా లేదా?" అంది.

ఇప్పుడు నేను బహ్రెయిన్‌లోనే, ఈసా టౌన్‌లో మనవల మధ్య ఉన్నాను. ఇంట్లో మాటా మాటా వస్తే కూతురు నన్ను ఇటు లాగుతుంది, కోడలు అటు లాగుతుంది. ఎవరి దగ్గర వాళ్ళ పాట పాడటం నాకూ చేతనవును, పాడను. రాయిగుండె ముసలిది అనుకుంటారేమో, అనుకోనివ్వండి. ఏడుస్తున్నవాళ్ళ వైపు చెయ్యి లేస్తే ఆపుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆపుకోబట్టి దక్కిన మనిషి నా పెళ్ళిలో బిర్యానీ వడ్డించడం కూడా నేను కళ్ళారా చూశాను. అందుకే నా మాట ఇద్దరికీ ఒకటే చెప్పి, తలుపు తీసిపెట్టి కూర్చుంటాను. కోపం తగ్గాక ఎక్కడికి రావాలో వాళ్ళకు తెలుసు. ఇప్పటిదాకా రానివాళ్ళు లేరు.