అన్న తిట్టని పది రోజులు

మొన్న గద్వాల బస్టాండు ఎదురుగా టీ తాగుతూ, ఎవరో వదిలేసిపోయిన పేపరు తిరగేస్తుంటే, ఒక విమానాల కంపెనీ వాళ్ళు హైదరాబాదు నుంచి గల్ఫ్‌కు నడిపే తమ విమానానికి పుట్టినరోజు చేసుకుంటున్న ఫొటో కనబడింది. విమానం ఆకారంలోనే కేకు చేయించి, దాని ముక్కు మీద కత్తి పెట్టి, కోట్లు తొడుక్కున్న పెద్దమనుషులు నవ్వుతున్నారు. తొలినాళ్ళలో ఆ విమానం ఎక్కినవాళ్ళు తమ తీపి జ్ఞాపకాలు రాసి పంపాలట, బాగున్నవాటికి బహుమతులట. ఎక్కినవాళ్ళలో నేనూ ఒకణ్ణే గానీ, నా జ్ఞాపకం బహుమతికి పనికొచ్చేది కాదు. అందుకే కంపెనీకి కాకుండా, నా ఈడువాళ్ళు గనక, మీకు చెప్పుకుంటున్నాను.

మాది నేతపని. గద్వాల చీర మీ ఇళ్ళలోనూ ఒకటి ఉండే ఉంటుంది. ఒళ్ళంతా నూలు, అంచు మాత్రం పట్టు, ఆ రెంటినీ సూదితో కుట్టరు, నేస్తూనే పోగుకు పోగు మెలేసి కలుపుతారు. అందుకని మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. మా ఇంట్లో కుడివైపు అన్న, ఎడమవైపు నేను. అమ్మానాన్న తొందరగా పోవడంతో నన్ను పెంచిందీ, మగ్గం ఎక్కించిందీ ఆయనే. నా వైపు ఒక్క పోగు వదులైనా తల తిప్పకుండానే కనిపెట్టి, "మనసు యాడ వెట్టి నేస్తున్నవ్‌రా, గాడిద కొడుకా!" అని అరిచేవాడు. ఇద్దరికీ నాయిన ఒక్కడే గదా, ఎవర్ని తిడుతున్నవ్ అని వదిన వంటింట్లోంచి నవ్వేది. మా ఇంట్లో అదే సంగీతం.

చీరలకు గిరాకీ పడిపోయిన రోజుల్లో, పక్కనున్న గట్టు అనే ఊరి నుంచి గల్ఫ్ వెళ్ళొచ్చిన స్నేహితుడు నల్లద్దాలు పెట్టుకుని తిరుగుతుంటే చూసి, నాకూ పురుగు కుట్టింది. అన్న రెండు రోజులు ఒప్పుకోలేదు. మూడో రోజు తనే అన్నాడు: "రెండేండ్లే గద, పోయిరా. నీ జాగల ఎవ్వర్ని కూసోబెట్ట." ఆ మాట నేను అప్పుడు సగమే విన్నాను, చెవులనిండా విమానమే కదా! విమానంలో మా వైపువాళ్ళు చాలామంది కనబడ్డారు. పైకి లేచిందో లేదో, జొన్నరొట్టెల మూటలు, ఎర్రకారం పొట్లాలు బయటికొచ్చాయి, ఆ ఘాటుకు విమానం అమ్మాయి తుమ్మిన తుమ్ములు ఇప్పటికీ గుర్తే.

అక్కడ లాండ్రీలో ఇస్త్రీ పని. గదిలో వనపర్తి, కొల్లాపూర్, నాగర్‌కర్నూల్ వాళ్ళం తొమ్మిదిమందిమి ఉండేవాళ్ళం గానీ, తొమ్మిదిమంది ఉన్నా ఎవరికి వాళ్ళం ఒంటరివాళ్ళమే. అప్పట్లో ఇంటికి ఫోను చేయడం మనబోటివాళ్ళ తరమా? మాటలు టేపులో నింపి, ఆ విమానంలో వచ్చీపోయేవాళ్ళ చేతికిచ్చేవాళ్ళం. ఒకసారి వనపర్తి అతను మా ఇంటి టేపు తెచ్చాడు. వదినే మాట్లాడింది, వానల సంగతి, బర్రె ఈనిన సంగతి, "మేం మంచిగున్నం, నువ్వు పరేషాన్ గాకు" అనీ. ఆమె మాటల వెనక మగ్గం వినబడుతోంది. ఒక దెబ్బ పడుతుంది, ఆగుతుంది. పీట మీద మనిషి జరిగిన చప్పుడు. మళ్ళీ దెబ్బ. అన్న నా వైపుకు జరిగి, నేను పోగు తోసే నాడెను తనే తోసి, తిరిగి తన వైపుకు జరుగుతున్నాడు. నేతగాణ్ణి, నాకు తెలియదా? నా చోట ఎవరినీ కూర్చోబెట్టలేదు. దుప్పటి ముసుగేసుకుని పసివాడిలా ఏడ్చాను.

గడువు తీరగానే వచ్చేశాను. మళ్ళీ పొమ్మన్నా పోకూడదు, బతికితే అన్న పక్కనే అని గట్టిగా అనుకుని, పాస్‌పోర్టు పెట్టె అడుక్కు తోసి మగ్గం మీద కూర్చున్నాను. కానీ ఇస్త్రీపెట్టెకు అలవాటుపడిన చెయ్యి పోగుకు లొంగలేదు. అంచు వదులు, మెలిక వదులు. అన్న పల్లెత్తు మాట అనలేదు. పైగా, "జర దమ్ము తీసుకో తమ్మీ, అలిసిపోతవ్" అనేవాడు. వదిన కొత్త గ్లాసులో నీళ్ళిచ్చేది. ఇలా పది రోజులు. పదో రోజు మల్దకల్ తిమ్మప్ప దర్శనానికని బయల్దేరి, బస్సు తప్పిపోయి, వెంటనే తిరిగొచ్చాను. గడపలోంచి చూస్తే, అన్నా వదినా చెరోవైపు కూర్చుని, నేను ముందురోజు నేసినదంతా పోగు పోగుగా ఊడదీస్తున్నారు.

లోపలికి పోలేకపోయాను. నేత చెడిందని కాదు, చెడితే తిట్టాలి కదా! చుట్టాన్ని ఎవరూ తిట్టరు. అంటే నేను నా ఇంటికే చుట్టాన్నైపోయానన్నమాట. పెట్టె అడుగు నుంచి పాస్‌పోర్టు తీసి, నెల తిరక్కుండా అదే విమానం ఎక్కాను. అన్న బస్టాండు దాకా వచ్చి, "పైలం" అని ఒక్క జాగ్రత్త మాట అన్నాడు. ఆ తరవాత ఏడాదికీ రెండేళ్ళకూ వచ్చిపోవడమే తప్ప మగ్గం ముట్టలేదు. పెళ్ళి మాట కూడా వాయిదా పడీ పడీ, చివరికి పడే పోయింది.

అన్న పోయాడని కబురొస్తే ఆ విమానంలోనే వచ్చాను. కర్మకాండలు అయిపోయాక, వాకిట్లో కూర్చుని, ఇన్నేళ్ళ ఉక్రోషమంతా వదిన ముందు కక్కేశాను. అప్పుడు చెప్పింది ఆమె:

"నిన్ను తిట్టాలెనని నోటిదాంక వచ్చేది మీ అన్నకు. తిడితే మళ్ల యాడ ఎల్లిపోతడో అని భయం. పండ్లు కొరుక్కుంట ఊకున్నడు."

నేను ఉండాలనే ఆయన నోరు కట్టేసుకున్నాడు. ఆ మౌనం చూసే నేను వెళ్ళిపోయాను.

ఇప్పుడు వదిన నాగర్‌కర్నూల్‌లో కూతురి దగ్గర ఉంటోంది, నేను గల్ఫ్ వదిలేసి గద్వాలలోనే ఉంటున్నాను. ఈకాలం గల్ఫ్ పోయిన కుర్రాళ్ళు రోజూ ఇంటివాళ్ళతో ఫోనులో ముఖాలు చూపిస్తూ మాట్లాడుతున్నారు, టేపులు మోసే పని ఎవరికీ లేదు. మర్యాదకు నాకేం లోటు లేదు. ఎక్కడికి పోయినా రండి, కూర్చోండి అని కుర్చీ వేస్తున్నారు. మన వయసుకొచ్చేసరికి అందరికీ ఇంతేనేమో, "ఏందిరా" అనే హక్కున్నవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతారు. నాకు ఉన్నది ఆ ఒక్కడే.