దొరగారు ఇటుకలు మోశారేంటండి?

నరసాపురం దగ్గర మా ఊరి లూథరన్ చర్చికి చరిత్ర రాసిపెట్టమని పాస్టరుగారు అడిగారు. పత్రికలో పనిచేసి రిటైరైనవాణ్ణి, కాదనలేకపోయాను. గుమ్మం పక్కన శిలాఫలకం మీద చర్చి కట్టించిన దొరగారి పేరు, స్థలం ఇచ్చిన రైతు పేరు ఉన్నాయి. వాటితోనే రెండు పేజీలు నింపి, ఆదివారం ఆరాధన అయ్యాక చదివి వినిపించాను.

ముందు వరుసలో చాప మీద కూర్చున్న ముసలమ్మ లేచి నిలబడింది. ఒకప్పుడు ఊడ్పులకు వెళ్లేది, ఇప్పుడు చర్చి తుడుస్తుంది.

"దొరగారు ఇటుకలు మోశారేంటండి? మోసింది మా మామ్మ. పూటపూటా ఎసట్లో పోసే బియ్యంలోంచి పిడికెడు తీసి దాచి, మేస్త్రీలకి వండిపెట్టింది కూడా ఆడాళ్లే. మా మామ్మ పేరు రాయరా?"

పిడికెడు బియ్యం ఇప్పటికీ మా ఆడవాళ్లు ఆదివారం తెచ్చి చర్చిలో పోస్తారు. అదెలా మొదలైందో నేనెన్నడూ అడగలేదు.

"ఒక్కరు చెబితే రాయలేనమ్మా. ఇంకొకరు కూడా చెప్పాలి. రేపు మధ్యాహ్నం ప్రెస్సుకి ఇచ్చేస్తున్నాను," అన్నాను. ఉద్యోగం నేర్పిన అలవాటు అది.

ఆవిడ ముఖం చిన్నబోయింది. ఆ సంగతి తెలిసిన మనిషి ఇంకొక్కతే ఉంది. ఎప్పుడో క్రిస్మస్ నాటకం దగ్గర ఈవిడతో తగువుపడి, కాలవ అవతలి ప్రార్థన మందిరానికి మారిపోయింది. ఇద్దరికీ మాటల్లేవు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ మా అరుగు మీద ఉన్నారు, ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు.

"మా అమ్మమ్మ కూడా మోసిందండి. ఇటుకలు కాదు, సున్నం," అంది రెండో ఆవిడ.

"ఇటుకలే!"

"నీకేం తెలుసే? అప్పటికి పుట్టావా?"

"నువ్వు పుట్టావా మరి?"

"బియ్యం మాత్రం నిజమండి," అంది రెండో ఆవిడ నావైపు తిరిగి. " గంజి తాగి పడుకున్న రోజుల్లో కూడా తీసేవారంట. దాని దగ్గర మాకు తగువు లేదు."

కూడబలుక్కుని వచ్చినవాళ్లయితే ఒకే మాట చెప్పేవారు. మొదటి పేజీ కొట్టేశాను. ఆడవాళ్లు ఇటుకలూ సున్నమూ మోశారని, మేస్త్రీలు తిన్నది వాళ్ల పిడికెడు బియ్యమేనని రాసి, ఆ మామ్మ, అమ్మమ్మల పేర్లూ చేర్చి వాళ్లకి చదివి వినిపించాను.

"మా మామ్మ పేరు ముందుందాండి?" అంది మొదటావిడ.

"ముందే ఉందమ్మా."

రెండో ఆవిడ టీ గ్లాసు కింద పెట్టింది.

"ఉండనివ్వండి. సున్నం లేకపోతే ఆ ఇటుకలు నిలిచేవి కావని కూడా రాయండి."

రాశాను.