పెనుగొలనులో పెట్టిన ప్రస్థానం

2024 జనవరి 7, ఆదివారం, ఉదయం పదిన్నర. తిరువూరు బస్టాండు ఎదురుగా నా ట్రావెల్స్ ఆఫీసు. హాజరైనవారు: ఈ ఊళ్లోనే ఉండే రిటైర్డ్ సైన్సు టీచరు సుభద్రమ్మ గారు, ఎ.కొండూరులో మండలాఫీసు గుమాస్తాగా చేసి రిటైరైన ఆమె భర్త శేషాచార్యులు గారు, నేను.

ముప్ఫై రెండేళ్లు టికెట్ల పని చేశాను. కాశీకి, షిరిడీకి, గల్ఫుకి, పై చదువులకి ఎందరినో పంపాను. సింగపూర్ థీమ్ పార్కుకి కూడా కుటుంబాలను పంపాను, కానీ అందరూ పిల్లల కోసం వెళ్లినవాళ్లే. అరవై దాటిన దంపతులు తమ కోసమే అడగడం అదే మొదటిసారి.

"రోలర్ కోస్టర్ ఎక్కాలండి. చిన్నది కాదు, అక్కడున్న వాటిల్లో పెద్దది," అన్నారు సుభద్రమ్మ గారు.

ఆచార్యులు గారు నా వైపు తిరిగి, "మీరైనా చెప్పండి. ఇంట్లో మంచం ఎక్కడానికే అమ్మా అయ్యా అంటుంది," అన్నారు.

"అందుకేగా ఇప్పుడు ఎక్కుతానంటున్నా," అన్నారావిడ.

విషయం ఇది. ఏప్రిల్లో ఆమెకు రెండు మోకాళ్లకూ ఆపరేషన్. తర్వాత ఇలాంటివి జన్మలో ఎక్కవద్దని డాక్టరు చెప్పేశారు. ఇప్పుడైతే గుండె, బీపీ, నడుము అన్నీ బాగున్నాయి గనక అభ్యంతరం లేదన్నారు. అంటే ఆమెకున్నది రెండు నెలల పైచిలుకు గడువు. వచ్చే ఏడు చూద్దామనే వీలు లేదు. నేను ముందుగా డాక్టరు దగ్గర ఆ మాటే కాగితం మీద రాయించుకు రమ్మన్నాను. మర్నాటికి తెచ్చారు.

ప్రయాణం వేయడమంటే టికెట్టు కొనడం కాదు. ఆ మనిషి ఏ గంటకు అలిసిపోతారో ముందే తెలుసుకోవడం. విమానాశ్రయాల్లో నడక ఎక్కువ కాబట్టి రెండు చోట్లా వీల్‌చెయిర్ అసిస్టెన్స్ పెట్టాను. టికెట్టుతో పాటే అడిగితే ఎయిర్‌లైన్ వాళ్లే మనిషినిచ్చి తోసుకెళ్తారు. హోటలు ఊళ్లో చవగ్గా దొరుకుతున్నా, పార్కు ఉన్న దీవిలోనే తీసుకున్నాను. మధ్యాహ్నం వచ్చి గంటసేపు నడుం వాల్చి మళ్లీ వెళ్లొచ్చు. విమానం తెల్లవారుతూనే దిగుతుంది, హోటళ్లు గది ఇచ్చేది మధ్యాహ్నం మూడింటికి. ఉదయాన్నే గది తెరిపించుకోవడాన్ని ఎర్లీ చెక్-ఇన్ అంటారు. అది వాళ్లకు తప్పనిసరి. దిగిన రోజు కార్యక్రమం కాలమ్‌లో "ఖాళీ" అని రాశాను. ఈత కొలను పక్కన కుర్చీలో కూర్చోవడం, సాయంత్రం సముద్రం ఒడ్డున బెంచీ, అంతే.

ఆచార్యులు గారు కళ్లజోడు సవరించుకుని ఆ కాలమ్ చూశారు.

"ఖాళీక్కూడా రేటు వేశారా?"

"ఆ ఖాళీ లేకపోతే పార్కు రోజున మీరు ఆవిణ్ణి మోసుకు తిరగాలండి."

"అయితే ఉంచండి," అన్నారు.

గొడవ వారం దగ్గర వచ్చింది. పార్కులో శని ఆదివారాలు ఒక్కో ఆటకు గంటన్నర వరస ఉంటుంది. ఆవిడ అంతసేపు నిలబడలేరు. కాబట్టి గురువారం పార్కు, బుధవారం ఖాళీ, మంగళవారం ప్రయాణం. ఫిబ్రవరి 27. ఆచార్యులు గారి పూర్వీకులు నెమలి ఊళ్లోని వేణుగోపాలస్వామి కోవెలలో కైంకర్యం చేసినవారు. ఈయన కూడా పంచాంగం చూడందే చెప్పులేసుకోరు. మంగళవారం గడప దాటనన్నారు. రెండు రోజులు మాటలు నడిచాక ఆయనే దారి చెప్పారు: ప్రస్థానం. అనుకూలం కాని రోజున వెళ్లాల్సి వస్తే, ముందుగా మంచి ఘడియలో ప్రయాణపు వస్తువొకటి ఇంట్లోంచి దాటించి వేరేవాళ్లింట్లో ఉంచుతారు. అప్పటికే బయలుదేరినట్టు లెక్క. అసలు రోజున దాన్ని తీసుకుని సాగిపోవాలి. అది మళ్లీ సొంత గడప తొక్కకూడదు. మా అమ్మమ్మ కూడా పెట్టేది కాబట్టి నేను అడ్డు చెప్పలేదు. సోమవారం ఉదయం పెనుగొలనులో ఉన్న తన చెల్లెలు అలివేలమ్మ గారింట్లో సంచి ఉంచుతామన్నారు. మంగళవారం కారులో అటుమీదుగా వెళ్తూ తీసుకుంటారు.

సోమవారం సాయంత్రం అలవాటు ప్రకారం ఫోన్ చేసి నా జాబితా చదివాను. మందులు, డాక్టరు కాగితం, పులిహోర అటుకులు, కంది పొడి.

"పాస్‌పోర్టులు?"

"భద్రంగా ఉన్నాయండి," అన్నారు ఆచార్యులు గారు.

టిక్కు పెట్టాను. హైదరాబాదులో రాత్రి విమానానికి ఉదయం పదింటికే కారు చెప్పాను. దారిలో ఏదైనా జరిగితే సర్దుకోవడానికి వదిలే సమయాన్ని మేం బఫర్ అంటాం. నేనెప్పుడూ నాలుగు గంటలు వదులుతాను, తిట్టించుకుంటాను.

మంగళవారం పదకొండుకు పది నిమిషాలుండగా సుభద్రమ్మ గారి ఫోన్. గొంతు నిదానంగానే ఉంది. అలా నిదానంగా మాట్లాడేవాళ్లను చూస్తేనే నాకు భయం.

"పెనుగొలనులో ఉన్నామండి. మా ఆడపడుచు ఇల్లు తాళం వేసుంది. ఫోన్ చేస్తే లోపలే మోగుతోంది. పొద్దున బస్సుకి సంచి పట్టుకుని తిరువూరు వెళ్లిందని పక్కింటావిడ అంటోంది. అన్నయ్యకి ఇంత దూరం ఎందుకు శ్రమ, నేనే ఇచ్చొస్తానందట."

"సంచే కదండీ. బట్టలక్కడ కొనుక్కోవచ్చు."

"పాస్‌పోర్టులు అందులోనే పెట్టారు ఈయన."

ఫోను ఆచార్యులు గారు అందుకున్నారు. "ప్రయాణానికి అసలు వస్తువే పెట్టాలి కదండీ. ఏదో పాత తువ్వాలు పెడితే అది ప్రస్థానం ఎలా అవుతుంది? వెనక్కొచ్చేస్తాం. ఇంతటితో ఇది మనకు రాసిపెట్టి లేదనుకుంటాం."

వెనక నుంచి సుభద్రమ్మ గారి మాట వినబడింది: "మీరు అనుకోండి. నేననుకోను."

నేను కాగితం మీద టైములు వేసుకున్నాను. అలివేలమ్మ గారి బస్సు తిరువూరు చేరి చాలాసేపై ఉంటుంది.

"చెల్లెలుగారు మీ ఇంటికి వెళ్తారా?"

"వెళ్లదండి. సంచి మా గడప తొక్కకూడదని దానికి నాకంటే గట్టిగా తెలుసు."

"హైదరాబాదు మీరు కారులో వెళ్తున్నట్టు తెలుసా?"

"మేం ఎప్పుడూ బస్సులోనే పోతాం కదా. చెప్పలేదేమో."

అంతే చాలు. రోడ్డు దాటి బస్టాండులోకి వెళ్లాను. హైదరాబాదు బస్సులు ఆగే చోట, సిమెంటు బల్ల మీద అరవై ఏళ్ల ఆవిడ కూర్చుని ఉన్నారు. పసుపు గుడ్డ సంచి ఒళ్లో ఉంది, నేలకు తగలకుండా రెండు చేతులూ చుట్టూ వేసుకున్నారు.

"అలివేలమ్మ గారేనా అమ్మా? మీ అన్నయ్యగారికి టికెట్లు వేసింది నేనే. సంచి ఇలా ఇవ్వండి, కారిచ్చి పంపిస్తాను."

"మీరెవరో నాకేం తెలుసు నాయనా? అయినా ప్రస్థానం చేతులు మారకూడదు. అన్నయ్య చేతికే ఇస్తా."

"ఆయన పెనుగొలనులో మీ వాకిట్లో ఉన్నారమ్మా."

"అక్కడెందుకు?"

"మీ దగ్గర సంచి తీసుకోవడానికి."

ఆవిడ నోటి మీద చెయ్యి పెట్టుకున్నారు. తర్వాత, "అయితే ఇక్కడికి రమ్మనండి," అన్నారు.

ఇక్కడికి పిలిస్తే రావచ్చు. కానీ బయలుదేరాక వెనక్కి తిరిగారంటే ఆచార్యులు గారు మరి ముందుకు కదలరు, అది నాకు తెలిసిపోయింది. వెనక్కి రాకుండా, సంచి చేతులు మారకుండా, ఇద్దరినీ కలిపే చోటు కావాలి. పెనుగొలను నుంచి మధిర మీదుగా పోయే రోడ్డూ, తిరువూరు నుంచి కల్లూరు మీదుగా పోయే రోడ్డూ వైరాలో కలుస్తాయి. వాళ్లను ముందుకే సాగి వైరాలో ఆగమన్నాను. ఆఫీసుకు తాళం వేసి, అలివేలమ్మ గారిని సంచితో సహా నా కారెక్కించాను.

దారిలో ఆవిడ అడిగారు. "ఇంతకీ వదిన ఆ దేశంలో ఏం చూడబోతుంది?"

చెప్పాను. ఎత్తుకు తీసుకెళ్లి కిందికి వదులుతారనీ, మధ్యలో తలకిందులు చేస్తారనీ.

"మా వదిన పెళ్లైన కొత్తలో మా ఇంట్లో ఉయ్యాల ఊగితే మా అమ్మ కేకలేసింది," అన్నారు. మళ్లీ, "కాస్త తొందరగా పోనీ నాయనా," అన్నారు.

పన్నెండున్నరకు వైరా కూడలి చేరాం. వాళ్ల కారు అప్పటికే టీ కొట్టు పక్కన ఉంది. అలివేలమ్మ గారు దిగి సంచి అన్నగారి చేతుల్లో పెట్టారు.

"నాకొక మాట చెప్తే ఏం పోయిందన్నయ్యా? తువ్వాలనుకున్నా."

"నువ్వు కదలకుండా ఇంట్లో ఉంటే ఏం పోయింది?"

"ఇద్దరూ తర్వాత పోట్లాడుకోండి. ముందు సంచి విప్పండి," అన్నారు సుభద్రమ్మ గారు.

నేను ఆచార్యులు గారి చేత రెండు పాస్‌పోర్టులూ తెరిపించి, పేరు, నంబరు పైకి చదివించాను. వీసా కాగితాలు చదివించాను. టీ కొట్టాయన టీ వడపోయడం ఆపి విన్నాడు. నాలుగు గంటల బఫర్లో రెండు గంటలు కూడా ఖర్చు కాలేదు. కారు ఖమ్మం వైపు మలుపు తిరిగేదాకా అలివేలమ్మ గారు చెయ్యి ఊపుతూనే ఉన్నారు. పెనుగొలను తిరిగి వచ్చేటప్పుడు నా చేత ఓ మాట ఒప్పించుకున్నారు, ఎప్పటికైనా ఆవిడకు పాస్‌పోర్టు చేయించాలని.

ఆ కేసులో తప్పు ఆచార్యులు గారిది ఎంతో నాదీ అంతే. "పాస్‌పోర్టులు?" అని అడిగితే "భద్రంగా ఉన్నాయి" అన్నారు. అబద్ధం కాదు, భద్రంగానే ఉన్నాయి. ఎక్కడ అని అడగాల్సింది నేను. ఆ రోజు నుంచి నేను పాటించిందీ, నేను మానేశాక నా ఆఫీసు తీసుకున్నవాళ్లకు చెప్పిందీ ఒకటే: ఉన్నాయా అని అడగొద్దు, చేత్తో పట్టుకుని మొదటి పేజీ చదవమనండి. రెండోది, మనిషి నమ్మకాన్ని పక్కకు నెట్టి ప్రయాణం వేయకూడదు. అదెటు నడిపిస్తుందో తెలిస్తే, తప్పిపోయిన మనిషినీ దాంతోనే వెతకొచ్చు.

బుధవారం వాళ్లు దిగారు, గది దొరికింది, రోజంతా ఖాళీగా గడిపారు. మర్నాడు, గురువారం ఉదయం ఎనిమిదిన్నరకు నేను డైరీ తెరిచి కూర్చునే వేళకు ఫోన్ మోగింది, అక్కడ అప్పటికి పదకొండు. వెనకాల జనం అరుపులు, ఇనుము మీద చక్రాల చప్పుడు.

"ఎక్కానండి," అన్నారు సుభద్రమ్మ గారు. ఆయాసపడుతున్నారు. "ఇప్పుడు మళ్లీ ఎక్కుతున్నాం, ఈసారి ముందు సీటుకి."

"ఎక్కుతున్నాం అంటే? ఆయన కూడానా?"

"వరసలో నాకంటే ముందున్నారు. వెనక్కి తిరిగి చూడట్లేదు కూడా. ఇక్కడివాళ్లు ఫోన్ లాకర్లో పెట్టమంటున్నారు, ఉంటానండి."