గొడ్డలి చెంపన మూడు చుక్కలు

అమ్మ వాళ్ళ నాన్న కమ్మరి. ఆయనది ఒక్క ఫొటో కూడా లేదు. ఆయన చేసిన కొడవళ్ళూ గునపాలూ డెల్టా పొలాల్లో అరిగి అరిగి పోయాయి. మిగిలింది భవానీపురంలో మా ఫ్లాట్ బాల్కనీలో, కర్ర కూడా లేకుండా పడి ఉన్న ఒక్క గొడ్డలి. అది తన తండ్రి చేతి పని అని అమ్మ నమ్మకం.

పోయినేడు ఒక పెళ్ళి భోజనాల దగ్గర మా మేనమామ ఆ నమ్మకం మీద నీళ్ళు పోశాడు. "ఆ గొడ్డలా? నాన్న చేసిందేంటక్కా, బెజవాడ కొట్లో నేనే కొన్నాను" అనేశాడు, పప్పు కలుపుకుంటూ. అమ్మ ఆ పూట ముద్ద ముట్టలేదు.

ఇంటికి రాగానే నన్ను పిలిచింది. ఆమెకు కళ్ళు బాగా మసకబారాయి. "నాన్న ఏం చేసినా చెంపన వరసగా మూడు చుక్కలు కొట్టేవాడు. ఉన్నాయేమో చూసి చెప్పవే" అంది.

అంతకు ముందు దసరాకు నేను చేసిన ఘనకార్యం గుర్తొచ్చింది. ఆయుధ పూజకు అపార్ట్‌మెంట్ వాళ్ళందరం బళ్ళూ సామాన్లూ కింద పార్కింగ్‌లో పెడతాం. అందరివీ తళతళలాడుతుంటే మాది ఒక్కటీ నల్లగా ఉంటే నామోషీ అని, గొడ్డలిని ఆటోనగర్ తీసుకెళ్ళి గ్రైండింగ్ పట్టించాను. చెంపన ఏవో గుంటలుండేవి. అవి పోయేదాకా పట్టమని దగ్గరుండి మరీ చెప్పాను. మూడో నాలుగో లెక్కపెట్టలేదు. పైగా అద్దంలా వచ్చిందని బొట్టు పెట్టి మురిసిపోయాను. చదువుకున్నదాన్ని కదా!

"తుప్పు పట్టేసిందమ్మా, ఏమీ కనిపించడం లేదు" అన్నాను. చేతికివ్వమంది. చీరకు మరకలవుతాయని చెప్పి ఇవ్వలేదు.

మర్నాడే దాన్ని సంచిలో వేసుకుని గవర్నర్‌పేటలో ఇనుప సామాన్ల కొట్టుకు వెళ్ళాను. "కంపెనీదైతే ముద్ర ఉండాలండీ. దీని మీద ఏమీ లేదే" అన్నాడు కొట్టాయన. ఉయ్యూరు వైపు కాలువ గట్టున ఒక ముసలి కమ్మరి ఉన్నాడని చెబితే బస్సెక్కి అక్కడికీ పోయాను.

ఆ పెద్దాయన కర్ర దూర్చే రంధ్రంలో వేలు పెట్టి తిప్పాడు. "ఇదుగోనమ్మా అతుకు. పట్టీ మడిచి కొలిమిలో అతికించారు. చేత్తో చేసిందే" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అయితే కొట్లో కొన్నది కాదన్నమాటేగా అన్నాను.

"అట్టా అనుకోడానికి లేదండీ. అప్పట్లో బెజవాడ కొట్లకి చేసిచ్చింది మా బోటివాళ్ళమే. ఎవరి గుర్తు వాళ్ళు చెంపన కొట్టేవాళ్ళం. అది చూస్తే ఏ ఊరిదో, ఎవరిదో చెప్పేవాణ్ణి. దీన్ని ఎవడో తెలివితక్కువోడు మిషను పెట్టి గీకేశాడు."

అవునండీ అన్నాను. ఇంకేమంటాను?

ఇంటికొచ్చి అమ్మతో, "చేత్తో చేసిందేనటమ్మా" అన్నాను. మిగతా సగం మింగేశాను. అమ్మ ముఖం విప్పారింది. ఈసారి ఒళ్ళో పెట్టేదాకా ఊరుకోలేదు. బొటనవేలితో ఒక చెంప తడిమింది, తిప్పి రెండోది తడిమింది. మళ్ళీ మొదటిది తడిమింది. నేను చూడలేకపోయాను.

"ఇంత నున్నగా ఉందేమే? మా నాన్న పని ఇలా ఉండదు. తమ్ముడు చెప్పిందే నిజం" అంది.

ఆగలేకపోయాను. దసరా సంగతి మొత్తం చెప్పేశాను. గుంటలుండేవని, వాటిని నేనే అరగదీయించానని చెబుతూ ఏడ్చేశాను.

అమ్మ నా తల మీద చెయ్యి వేసింది. "ఊరుకో. ఆ రోజు తుప్పన్నావు, ఇవాళ అరగదీశానంటున్నావు. నా కోసం ఇన్ని అబద్ధాలు ఆడకే" అంది.