వేడి పెరగకముందే

"…అయితే తప్పు నాదేనంటావు. థర్మామీటరు పెరగందే నేనెలా ఫోన్ చేస్తాను బావా?"

"తప్పని ఎవరన్నారు? మూడేళ్ళుగా నెలనెలా బస్సెక్కుతున్నానన్నాను. ఉన్నమాట అనడం కూడా నేరమేనా?"

"నువ్వు నెలకోసారి బస్సెక్కుతావు. నేను రోజూ పొద్దున్నే మంచం దిగకముందే ఆ గాజుపుల్ల నోట్లో పెట్టుకుంటున్నాను."

అతను సంచి జిప్పు లాగి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆమె రెండు కప్పులూ కడిగి బోర్లించి, తలుపు తాళం వేసి పనికి బయల్దేరింది.

బైండింగు షాపులో ఆమెని అందరూ జిగురక్క అంటారు. మేస్త్రీ ఆమెకంటే పాతికేళ్ళు పెద్దవాడు, అతనూ అక్కే అంటాడు. పందొమ్మిదో ఏట అచ్చయిన ఫారాలు మడవడానికి చేరింది. జిగురు కాచే ముసలాయన కళ్ళు కనపడక మానేస్తే గరిటె ఆమె చేతికొచ్చింది. ఇప్పుడామెకి ముప్ఫై అయిదు. మైదాపిండి, నీళ్ళు, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం. కొలపాత్ర ఉంది గానీ ఆమె దాన్ని ముట్టుకోదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాస్త తీసుకుని, వేళ్ళు మెల్లిగా విడదీస్తుంది. తీగ ఎంత దూరం సాగి తెగిందో చూసి, నీళ్ళు పొయ్యాలో, ఇంకాసేపు మంట మీదుంచాలో చెబుతుంది. ఆమె సరేనన్న జిగురుతో అతికిన పుస్తకం వీపు ఊడిందని ఇంతవరకూ ఎవరూ వెనక్కి తేలేదు.

భర్తది ఆరుగంటల ప్రయాణం దూరంలో కాగితం మిల్లులో బాయిలరు దగ్గర ఉద్యోగం. మీటరు ముల్లు చూసి బతికే మనిషి. ముల్లు ఎక్కడుంటే నిజం అక్కడుంటుంది. పెళ్ళయిన రెండేళ్ళకీ పిల్లలు లేకపోతే, అండం విడుదలయ్యే రోజు ఒంట్లో వేడి పెరుగుతుందని మిల్లులో ఎవరో చెప్పారు. థర్మామీటరు అతనే కొనుక్కొచ్చాడు. "తొంభై ఏడున్నర దాటి పైకెళ్ళిన రోజు ఫోన్ చెయ్యి" అన్నాడు. అతనికి నెలకి రెండు రోజులే సెలవు. ఆమె ఫోన్ చేసేది, అతను మర్నాటి సాయంత్రానికి దిగేవాడు. మూడేళ్ళలో ఒక్క నెల తప్పలేదు. నెలసరి కూడా తప్పలేదు.

ఆ సాయంత్రం పై అంతస్తులో ఉండే, ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ మెట్ల మీద ఎదురైంది.

"పొద్దున మీ గొడవ విన్నానమ్మాయ్. వినాలని కాదు, మీ గొంతులు మా గడప దాకా వచ్చాయి. ఇంతకీ ఆయనకి ఏ రోజు ఫోన్ చేస్తావు?"

"వేడి పెరిగిన రోజు."

నర్సమ్మ చేతిలోని సంచి మెట్టు మీద పెట్టింది. "రైలు వెళ్ళిపోయాక స్టేషనుకి రమ్మంటున్నావు. అండం విడుదలయ్యాకే వేడి పెరిగేది. అది బతికేది ఒక్కరోజు. మీ ఆయన బస్సు దిగేసరికి ఇంకేముంటుంది?"

"మరి ముందే ఎలా తెలుస్తుంది?"

"రెండు మూడు రోజుల ముందునుంచే తడి కనిపిస్తుంది. తెల్లగా చిక్కగా ఉండేది కాస్తా పల్చబడి, నీళ్ళలా తేటగా, జారుడుగా అవుతుంది. పచ్చిగుడ్డు తెల్లసొన ఉంటుంది చూడు, అలాగ. వేళ్ళ మధ్య పట్టి లాగితే తెగకుండా సాగుతుంది. మంచిరోజులంటే అవీ."

జిగురక్క గొంతు తగ్గించింది. "అది జబ్బనుకున్నాను. మందుల షాపులో అడిగి పూత కూడా తెచ్చుకున్నాను."

"దురదో, వాసనో, రంగో ఉంటే జబ్బు. ఇది కాదు. కొందరికి అప్పుడే పొత్తికడుపులో ఒక పక్కన సలుపు కూడా ఉంటుంది."

"ఉంటుంది. జిగురు బాన ఎత్తినందుకనుకుంటాను."

"అన్నీ చెప్పిందమ్మా నీ ఒళ్ళు, పాపం." నర్సమ్మ సంచి మళ్ళీ ఎత్తుకుంది. "అయితే ఆలస్యం ఒక్కటే కారణమని నేను చెప్పలేను. నీకూ ముప్ఫై అయిదొచ్చాయి. ఇద్దరూ పరీక్షలు చేయించుకోండి."

"ఆయన కూడానా?"

"ఒంటిచేత్తో చప్పట్లు మోగుతాయా?"

తరవాతి నెల, నెలసరి మొదలైన పన్నెండో రోజు, మంగళవారం. షాపు వెనకున్న మరుగుదొడ్లో ఆమె ఆ తడి చూసింది. చేతులు కడుక్కుని, అవే రెండు వేళ్ళతో పట్టి విడదీసింది. అంగుళం దాటినా తెగలేదు. మళ్ళీ చేతులు కడుక్కుని, కాగితం కట్టల చాటుకి వెళ్ళి ఫోన్ చేసింది.

"బావా, ఈ రోజుల్లోనే."

"పెరిగిందా?"

"లేదు. పెరగకముందే కలవాలిట. నర్సమ్మ చెప్పింది."

"ముల్లు కదలకుండా ఎలా నమ్మమంటావు?"

"కదిలాక నమ్మి మూడేళ్ళు చూశాంగా."

అవతల బాయిలరు హోరులో అతను గొంతు పెంచాడు. "నా బదులు చూసేవాడికి జ్వరం" అన్నాడు. "శుక్రవారం దాకా ఇక్కణ్ణించి కదల్లేను. ఈ నెలకి పోనీ. వచ్చే నెల చూద్దాం."

"వచ్చే నెలకి నేనేమన్నా చిన్నదాన్నవుతానా? మీ గదిలో ఎంతమంది ఉంటారు?"

"నేనూ ఫిట్టరూ. ఎందుకు?"

"ఫిట్టర్ని రెండు మూడు రోజులు ఎక్కడన్నా తలదాచుకోమను."

"ఏమని చెప్పను వాడికి?"

"పెళ్ళాం వస్తోందని చెప్పు. అబద్ధం కాదుగా. ఇంకోటి, మనిద్దరం పరీక్షలకి వెళ్ళాలి. అది వచ్చాక మాట్లాడతాను."

ఫోన్ పెట్టేసి, పొయ్యి ఆర్పి, బాన మీద తడిగుడ్డ కప్పింది. మేస్త్రీ కత్తిరించిన అట్టల అంచులు సరిచూస్తున్నాడు. ఆమె నీడ పడితే తలెత్తాడు.

"ఏంటక్కా, పల్చనైందా?"

"జిగురు బానే ఉంది. నేను మధ్యాహ్నం బస్సుకి మా ఆయన దగ్గరికి వెళ్తున్నాను. శుక్రవారం దాకా రాను."