నోట మిగిలిన పేరు

భీమమ్మ నోరు ఎంత పెద్దదో ఊరందరికీ తెలుసు. ఎమ్మిగనూరు పక్కన వాళ్ల పల్లెలో పత్తి తీయడానికి కూలీలను కూడగట్టేది ఆమే. తెల్లారకముందే వీధి మొదట్లో నిలబడి పేరుపేరునా కేకేసిందంటే ఆడవాళ్లంతా సద్దిమూటలతో బయటికి రావాల్సిందే. అంత నోరున్న మనిషి పలకని పేరు ఒక్కటే, మొగునిది. రేషన్ షాపులో అడిగితే పక్కనున్నవాళ్ల వైపు చూసేది, వాళ్లు చెప్పేవాళ్లు. ఇంట్లో పిలవాలంటే ‘ఉరుకుందు వాళ్ల నాయనా’ అని కొడుకు పేరు అడ్డం పెట్టుకునేది. అత్త మద్దమ్మ నేర్పిన మర్యాద అది. మద్దమ్మ అయితే, మొగుడు పోయినాక కూడా ఆయన పేరు ఎత్తింది లేదు.

పోయిన వానాకాలం భీమమ్మ చేలోనే పడిపోయింది. పక్షవాతం. ఆదోని ఆసుపత్రిలో తెలివి వచ్చేసరికి గొంతు ఎండిపోతోంది. నీళ్లు అడుగుదామని నోరు తెరిచింది. “దుర్గప్పా” అని వచ్చింది.

నర్సు నవ్వి, బయట కూర్చున్న దుర్గప్పను పిలుచుకొచ్చింది. అతన్ని కాదు, నీళ్లని చెప్పబోతే మళ్లీ అదే. కొడుకేడని అడగబోయినా అదే. మనసులో మాట సరిగానే ఉంది, నోటికొచ్చేసరికి మొగుని పేరైపోతోంది. పక్క మంచాల ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. మద్దమ్మ మొహం మాడ్చుకుని, “నోరు మూసుకోమ్మా, నలుగురూ ఇంటాండారు” అంది. భీమమ్మకు చచ్చిపోవాలన్నంత సిగ్గేసింది. మూసుకుంది. ఇంటికొచ్చాక కూడా తెరవలేదు. ఆమెకు మాట పడిపోయిందని ఊరు అనుకుంది, ఇంట్లోవాళ్లు కాదనలేదు.

అలాంటి ఇంటికి రష్మి వచ్చేది. ఆదోనిలో బడిపంతులు కూతురు. పక్షవాతం వచ్చినవాళ్లకు మాట ఎలా పోతుంది, ఎలా తిరిగొస్తుంది అన్నదాని మీద పీహెచ్‌డీ చేస్తోంది. వారం వారం బస్సు దిగి వచ్చి, బొమ్మల కార్డులు ఒక్కొక్కటే చూపించి, ఇదేంటి భీమక్కా అని ఓపిగ్గా అడిగేది. చెంబు, ఎద్దు, గొడుగు. పసిపిల్లలు చెప్పే మాటలే. భీమమ్మకు అన్నీ తెలుసు. తెలిసీ పెదవులు బిగబట్టి కూర్చునేది. రాని మాటకూ, రానివ్వని మాటకూ తేడా బయటి మనిషికి ఎలా తెలుస్తుంది?

ఆ రోజు రష్మి కార్డులు సంచిలో పెట్టేసి దుర్గప్పతో మెల్లగా మాట్లాడింది. తిరిగొచ్చే మాటలు ఎక్కువగా ఈ మొదటి నెలల్లోనే వస్తాయట, పలికించకుండా వదిలేస్తే తర్వాత చాలా కష్టమట. గోడకానుకుని భీమమ్మ అంతా విన్నది. మాట్లాడితే పరువు పోతుంది, మాట్లాడకపోతే మాటే పోతుంది.

దుర్గప్ప నేలచూపులు చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

“ఆసుపత్రిలో ఒక మాట వచ్చినాదమ్మా. అది సెప్పేటిది గాదని మేమే దాసినాము.”

ఏం మాటని రష్మి అడిగింది. తన పేరు తాను చెప్పడానికే అతను తడబడ్డాడు. విన్న రష్మికి కోపం రాలేదు, భయం వేసింది. ఎంత కాలం వృథా అయిపోయిందో. కొందరికి ఇట్లాగే ఒక్క మాట మిగులుతుందనీ, సిగ్గుపడి దాన్నీ నొక్కేస్తే తక్కినవాటికి దారే ఉండదనీ చెప్పింది. అవి తప్పకుండా వస్తాయని మాత్రం మాట ఇవ్వలేనంది.

దుర్గప్ప వచ్చి భార్య ఎదురుగా కూర్చున్నాడు. “పిలువు. నేను పలుకుతా” అన్నాడు.

రష్మి చెంబు బొమ్మ పట్టుకుంది. భీమమ్మ ముందు మూలన కూర్చున్న అత్తను చూసింది, తర్వాత బొమ్మను చూసింది.

“దుర్గప్పా.”

“ఆఁ” అన్నాడు అతను.

ఎద్దు బొమ్మ చూపించినా అదే పేరు, అదే జవాబు.

మద్దమ్మ ఇంక కూర్చోలేకపోయింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని లేచి గడప వైపు నడిచింది. పోవద్దత్తా, నేను కావాలని అనడం లేదు, ఉండు అని భీమమ్మ చెప్పాలి. ఈసారి బొమ్మ లేదు, ఎవరూ అడగలేదు. ముసలామె వైపు చచ్చుబడని చెయ్యి చాచి, ఏడుపు గొంతుతో, “దుర్గప్పా... దుర్గప్పా, దుర్గప్పా” అంది.

దుర్గప్ప పలకలేదు. ఆ పిలుపు తనకు కాదని తెలుస్తూనే ఉంది.

మద్దమ్మ గడప దగ్గర ఆగింది. కొంగు దించి కోడలి మొహంలోకి చూసింది.

“యాడికీ పోనమ్మా” అంది. “ఈడే కూకుంటా.”