బ్రేకు తొక్కితే ఆరిపోయే దీపాలు

మొక్కల నర్సరీలో అందరూ ఆమెను మొండమ్మ అనేవారు. కట్టుకున్నవాడు పోయాక ఆయన పికప్ బండి తాళాలు కొంగున ముడేసుకుంది. డ్రైవింగ్ నేర్చుకుంది. వెనక ట్రైలర్ తగిలించి, ఊరంతా కుండీలు చేరవేయడం మొదలుపెట్టింది.

"నీకెందుకమ్మా ఈ చాకిరీ, అమ్మేద్దాం" అని బావగారు అన్నప్పుడల్లా, "మీ బండైతే అమ్ముకోండి" అనేది.

ఒకసారి ఆమె జ్వరంతో మంచం పట్టింది. అదే అదనుగా ఆయన ట్రైలర్‌కు నిగనిగలాడే ఆకుపచ్చ రంగు వేయించాడు. చూడముచ్చటగా ఉంటే కొనేవాడు దొరక్కపోడని ఆశ. మొండమ్మ లేచి వచ్చి చూసింది.

"రంగు బాగుంది. బండి మాత్రం అమ్మను."

ఆ రోజే రోడ్డెక్కింది. స్పీడ్ బ్రేకర్ దగ్గర బ్రేకు తొక్కేసరికి వెనకాల ఎవరివో టైర్లు కీచుమన్నాయి. మోటార్‌సైకిల్ మీది పెద్దమనిషి పక్కకు వచ్చి కసిరాడు. "బ్రేకు లైట్లేవమ్మా? ఇండికేటర్లు రెండూ గుడ్డిగా వెలుగుతున్నాయి."

షెడ్డుకు తిరిగొచ్చి చూస్తే దీపాలన్నీ శుభ్రంగా వెలిగాయి. ఎలక్ట్రీషియన్ బల్బులు మార్చాడు, ఫ్యూజులు చూశాడు. "ఏ లోపమూ లేదక్కా. ఆయనే సరిగా చూసుండడు."

"జ్వరం ఇంకా తగ్గినట్టు లేదు" అన్నాడు బావగారు.

"జ్వరం నాకొస్తే దీపాలు ఆ మోటార్‌సైకిల్ ఆయనకెందుకు కనపడలేదు? ఇద్దరూ స్కూటరెక్కి నా వెనకే రండి."

వెళ్ళారు. మొదటి గతుకు దగ్గరే ఆమె బ్రేకు తొక్కితే దీపాలు పోయాయి. బావగారు కాళ్ళు నేలకు ఈడ్చి ఎలాగో స్కూటర్ ఆపాడు. ఒక చెప్పు కాలవలో పడింది.

"వైరింగంతా మార్చాలక్కా" అన్నాడు ఎలక్ట్రీషియన్, షెడ్డుకు చేరాక.

"అమ్మేస్తే పీడా వదులుతుంది" అన్నాడు బావగారు.

మొండమ్మ ఇద్దరికీ అడ్డంగా నిలబడింది. "ఒక్క వైరు కూడా కోయనివ్వను. నిలబడితే వెలుగుతున్నాయి, గతుకులో పడితే పోతున్నాయి. గతుకులో కదిలేదేంటో చూడాలి."

బండినీ ట్రైలర్‌నూ కలిపే చోటు తప్ప ఆమెకు మరేదీ తోచలేదు. జాకీ పెట్టి ట్రైలర్ మూతిని బండి కొక్కెం మీంచి పైకి లేపింది. వైర్ల ప్లగ్గు మాత్రం పీకలేదు.

"ఇప్పుడు బ్రేకు తొక్కు తమ్ముడూ."

తొక్కాడు. బ్రేకు దీపాలు వెలగలేదు. ఇండికేటర్లు గుడ్డిగా మినుకుమన్నాయి. ఎలక్ట్రీషియన్ దిగొచ్చి చూసి తల గోక్కున్నాడు.

"ఎర్తు వైరు పనిచేయట్లేదక్కా. ఇనుముకి ఇనుము ఆనినంతసేపే కరెంటు వెనక్కి పోతోంది."

మొండమ్మ చీర బిగించి ట్రైలర్ కిందికి దూరింది. రంగు వేసేటప్పుడు విప్పిన ఆ తెల్ల ఎర్తు వైరును మళ్ళీ ఆ రంగు మీదే బిగించేశారు. రంగు పొర వైరును ఇనుముకు తగలనివ్వడం లేదు. బోల్టు విప్పి, తళతళమని ఇనుము బయటపడేదాకా గరుకు కాగితంతో గీరింది. వైరు పెట్టి గట్టిగా బిగించింది.

ట్రైలర్ ఇంకా జాకీ మీదే ఉంది. ఈసారి ఎలక్ట్రీషియన్ బ్రేకు తొక్కగానే రెండు దీపాలూ ఎర్రగా మండాయి.

బావగారు వంగి చూశాడు. "కొత్త రంగు చెక్కేశావు కదమ్మా. కొనేవాడు చూస్తే ఏమంటాడు?"

"వాడు ట్రైలర్ చూడాలంటే ముందు నన్ను దాటాలి బావగారూ." ఆమె చేతులు దులుపుకుంది. "గులాబీ కుండీలు అందివ్వండి, ఎండెక్కుతోంది."

ఆయన మిగిలిన ఒంటి చెప్పు కూడా విడిచేసి, మొదటి కుండీ ఎత్తాడు.